సంతకం పెట్టేముందు ఒక్క రాత్రి ఆగండి

(హైదరాబాద్‌లో ఐటీ, బీపీఓ ఉద్యోగులు, వాళ్ళ కుటుంబాల సమావేశంలో ఒక లేబర్ లాయర్ చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. తల్లిదండ్రులు కూడా చాలామంది వచ్చారు, అది నాకు చాలా సంతోషం. ఎందుకంటే నేను చెప్పబోయే దాంట్లో ఇంట్లోవాళ్ళ పాత్ర మీరు అనుకునేదానికంటే ఎక్కువ.

నన్ను చట్టాల గురించి చెప్పమన్నారు, ఉద్యోగంలో వచ్చే మానసిక ఒత్తిడి గురించి కూడా చెప్పమన్నారు. మామూలుగా ఈ రెంటికీ రెండు మీటింగులు పెడతారు, ఒకరోజు లాయరు వస్తాడు, ఇంకోరోజు సైకాలజిస్టు వస్తారు. కోర్టులో నేను చూసే కేసుల్లో మాత్రం ఈ రెండూ ఒకే గదిలో, ఒకే పావుగంటలో కలిసిపోతాయి. అందుకని నేను ఆ గది గురించే మాట్లాడతాను.

సాయంత్రం నాలుగింటికి క్యాలెండర్‌లో ఒక మీటింగ్ వచ్చి పడుతుంది. పేరు మామూలుగానే ఉంటుంది, "క్విక్ డిస్కషన్" అని. లోపలికి వెళ్తే మేనేజరు ఉంటాడు, హెచ్ఆర్ నుంచి ఒకరు ఉంటారు, ఒక్కోసారి బెంగళూరు నుంచో ముంబై నుంచో ఇంకొకరు స్క్రీన్ మీద ఉంటారు. ఫోన్ బయట పెట్టి రమ్మంటారు. కాసేపు పెర్ఫార్మెన్స్ అంటారు, బిజినెస్ కండిషన్స్ అంటారు, తర్వాత అసలు మాట వస్తుంది. "మీరే రిజైన్ చేస్తే రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్, రెండు నెలల జీతం ఇస్తాం. చేయకపోతే టర్మినేట్ చేయాల్సి వస్తుంది, రేపు ఎక్కడికి వెళ్ళినా బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో అది కనిపిస్తుంది. ఆరింటిలోపు పోర్టల్‌లో సబ్మిట్ చేయండి." నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది అప్పటికే సబ్మిట్ చేసేసి వస్తారు.

ఆ ఒక్క బటన్ నొక్కితే ఏం పోతుందో ముందు చెబుతాను.

మన తెలంగాణలో గానీ ఆంధ్రలో గానీ ఆఫీసు ఉద్యోగికి మొదటి ఆసరా 1988 నాటి షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం. పేరు చూసి ఇదేదో కిరాణా కొట్లకీ బట్టల షాపులకీ అనుకుంటారు. మాదాపూర్‌లో మీరు పనిచేసే అద్దాల బిల్డింగ్‌కి కూడా ఇదే వర్తిస్తుంది. అందులో 47వ సెక్షన్ ఏమంటుందంటే, కనీసం ఆరు నెలలు పనిచేసిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా తీసేయకూడదు, తీసేస్తే నెల రోజుల నోటీసు ఇవ్వాలి లేదా దాని బదులు నెల జీతం ఇవ్వాలి. తప్పు చేశాడని తీసేస్తే విచారణ జరిపి సాక్ష్యం రికార్డు చేసి ఉండాలి. అది నచ్చకపోతే 48వ సెక్షన్ కింద కార్మిక శాఖ అధికారి దగ్గర అప్పీలు చేసుకోవచ్చు. కంపెనీ పగ్గాలు నిజంగా చేతిలో ఉన్న పెద్ద మేనేజర్లకి ఇది వర్తించదు, మిగతావాళ్ళకి వర్తిస్తుంది.

"ఐటీకి ఆ చట్టం నుంచి మినహాయింపు ఉంది కదా సార్" అని నన్ను అడగని వాళ్ళు లేరు. ఉంది. కానీ దేని నుంచి ఉందో చూడాలి కదా. ఆఫీసు తెరిచే మూసే వేళలు, రోజువారీ పని గంటలు, ఆడవాళ్ళ రాత్రి డ్యూటీ, సెలవు రోజులు, ఇలాంటి కొన్ని సెక్షన్ల నుంచి ప్రభుత్వాలు మినహాయింపు ఇస్తూ వచ్చాయి. మీ కంపెనీకి వర్తించే తాజా ఉత్తర్వులో 47 ఉందో లేదో చూసుకోవాలి. పైగా వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైమ్ జీతం ఇవ్వాలన్నది ఆ మినహాయింపుకి పెట్టిన షరతుల్లో ఒకటి. 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకి 10 గంటల దాకా పని చేయించుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది, అందులో కూడా వారానికి 48 గంటల హద్దు అలాగే ఉంది. ఈ హాల్లో వారానికి 48 గంటలే పనిచేసేవాళ్ళు చేతులెత్తండి. ...సరే, దించండి.

రెండో ఆసరా 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం. 2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు, అంటే కొత్త కార్మిక చట్టాలు, అమల్లోకి వచ్చాయి కాబట్టి ఇప్పుడు దాని స్థానంలో ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్ ఉంది. మనుషుల్ని తగ్గించుకోవడానికి తీసేస్తే నెల నోటీసు, సర్వీసులో ప్రతి పూర్తి సంవత్సరానికి 15 రోజుల సగటు జీతం పరిహారం ఇవ్వాలి. ఇది పాత చట్టంలో ఉంది, కోడ్‌లోనూ ఉంది. వివాదం లేవనెత్తే గడువు మాత్రం మూడేళ్ళ నుంచి రెండేళ్ళకి తగ్గింది, ఇది గుర్తుపెట్టుకోండి. వేజెస్ కోడ్‌లో ఒక మంచి మాట వచ్చింది: తీసేసినా, మీరే మానేసినా, మీకు రావాల్సిన జీతం రెండు పని దినాల్లో ఇచ్చేయాలి.

ఇక్కడే కంపెనీ లాయర్లు ఒక వాదన తెస్తారు. ఈయన కార్మికుడు కాదండీ, పేరు పక్కన మేనేజర్ అని ఉంది, జీతం లక్ష దాటింది, అంటారు. కోర్టు చూసేది హోదా పేరుని కాదు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ మనిషి చేసే పనిని. కోడ్ రాయడం, టెస్టింగ్ చేయడం, టికెట్లు క్లోజ్ చేయడం సాంకేతిక పనులే. ఎవరినీ ఉద్యోగంలోకి తీసుకునే, తీసేసే అధికారం లేని మనిషి విజిటింగ్ కార్డు మీద ఏం రాసుకున్నా మేనేజర్ అయిపోడు. చెన్నైలో 2015లో తీసేసిన ఒక పెద్ద ఐటీ కంపెనీ ఉద్యోగి ఇదే విషయం మీద ఏడేళ్ళు కొట్లాడాడు, 2022లో అక్కడి లేబర్ కోర్టు ఆయన చేసింది సాంకేతిక పనే అని చెప్పి తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది. ఏడేళ్ళంటే మాటలు కాదు, ఆ ఏడేళ్ళు ఆ ఇల్లు ఎలా గడిచి ఉంటుందో మనం ఊహించుకోవచ్చు. అయినా ఆ తీర్పు వచ్చింది, మన దగ్గర వాదించేటప్పుడు చూపించడానికి పనికొస్తుంది.

ఇప్పటిదాకా చెప్పిందంతా కంపెనీ మిమ్మల్ని "తీసేస్తే" వర్తించేది. మీరే స్వచ్ఛందంగా రాజీనామా చేశారంటే నోటీసు అక్కర్లేదు, కారణం అక్కర్లేదు, విచారణ అక్కర్లేదు, తొలగింపు పరిహారం అక్కర్లేదు. ఐదేళ్ళ సర్వీసు ఉంటే గ్రాట్యుటీ వస్తుంది, పీఎఫ్ మీదే, అంతే మిగిలేది. అందుకే ఆరింటిలోపు కావాలి వాళ్ళకి.

మరి ఇంత చదువుకున్నవాళ్ళు, లక్షల లైన్ల కోడ్‌లో తప్పులు పట్టేవాళ్ళు, ఎందుకు నొక్కేస్తున్నారు? "అమాయకులు" అని కొందరు అంటుంటే నాకు బాధేస్తుంది. ఆ గదిలోకి వెళ్ళే మనిషి మామూలు స్థితిలో వెళ్ళడు. అప్పటికి రెండు మూడు నెలల నుంచి పిప్‌లో, అంటే పనితీరు మెరుగుపరుచుకోమని గడువు పెట్టే "పెర్ఫార్మెన్స్ ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్"లో, పెట్టి ఉంటారు. వారం వారం రివ్యూ, ప్రతి రివ్యూలో ఏదో ఒక లోపం, టార్గెట్ మాత్రం ప్రతిసారీ కొంచెం జరుగుతూ ఉంటుంది. రాబర్ట్ కారసెక్ అనే పరిశోధకుడు 1979లోనే ఒక మాట చెప్పాడు, పని ఎక్కువగా ఉండటం ఒక్కటే మనిషిని విరిచేయదు, పని ఎక్కువ ఉండి దాని మీద తనకి ఏ అదుపూ లేకపోవడం విరిచేస్తుంది అని. తర్వాత 1996లో సీగ్రిస్ట్ అనే ఆయన దానికి ఇంకోటి కలిపాడు, పడే కష్టానికీ దక్కే గుర్తింపుకీ పొంతన లేనప్పుడు గుండె జబ్బుల దాకా వెళ్తుందని. పిప్ అనే పద్ధతిని ఈ రెండూ దగ్గర పెట్టుకుని చూడండి. పని రెట్టింపు, అదుపు సున్నా, గుర్తింపు తలకిందులు.

దానికి తోడు నిద్ర ఉండదు. యూఎస్ షిఫ్ట్ అయిపోయి తెల్లవారుజామున పడుకుని, పిల్లల స్కూల్ టైమ్‌కి లేచి, మళ్ళీ నాలుగింటి మీటింగ్‌కి కూర్చునే మనిషి సంగతి చూడండి. 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి మెదడు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి మెదడులా నెమ్మదిస్తుందని పరిశోధనల్లో తేలింది. మన దేశంలో తాగి బండి నడిపితే కేసు పెట్టే హద్దు 0.03 శాతం. అంటే స్టీరింగ్ ఇవ్వకూడని స్థితిలో ఉన్న మనిషి చేత, పదేళ్ళ సర్వీసుని వదులుకునే కాగితం మీద సంతకం పెట్టిస్తున్నారు. భయం కూడా అంతే. గట్టిగా భయపడినప్పుడు మెదడులో తూచి ఆలోచించే భాగం వెనక్కి తగ్గుతుంది, ముందు ఇక్కడినుంచి బయటపడితే చాలు అనిపిస్తుంది. బయటపడే దారి అక్కడ ఒక్కటే కనిపిస్తుంది, ఆ బటన్. ఇంకా సిగ్గు ఉంటుంది. క్యూబికల్‌లో ఉన్నవాళ్ళకి తెలియకుండా, సెక్యూరిటీవాళ్ళు వచ్చి పక్కన నిలబడకుండా వెళ్ళిపోవాలని ఉంటుంది. కోకాపేటలో ఫ్లాట్ ఈఎంఐ గుర్తొస్తుంది, చెల్లెలి పెళ్ళి గుర్తొస్తుంది.

కాబట్టి ఆ గదిలో ఏం మాట్లాడాలో ఇవాళే, మనసు కుదురుగా ఉన్నప్పుడే నేర్చుకోండి. మూడు వాక్యాలు. "నాకు ఆలోచించుకోవడానికి టైమ్ కావాలి. మీరు చెప్పినదంతా మెయిల్‌లో పంపండి. రేపు సమాధానం ఇస్తాను." ఇంతే. వాదించకండి, ఏడుపొస్తే ఏడవండి, పర్వాలేదు, కానీ ఏదీ నొక్కకండి. ఇంటికెళ్ళి ఆ రాత్రే మీ సొంత మెయిల్ నుంచి హెచ్ఆర్‌కి రాయండి: ఈ రోజు ఫలానా టైమ్‌కి, ఫలానా వాళ్ళ సమక్షంలో నన్ను రాజీనామా చేయమన్నారు, నాకు రాజీనామా చేసే ఉద్దేశం లేదు, పని చేయడానికి సిద్ధంగా ఉన్నాను. సొంత మెయిల్ అని ఎందుకంటున్నానంటే తెల్లారేసరికి ఆఫీస్ మెయిల్ యాక్సెస్ తీసేస్తారు.

అప్పటికే నొక్కేసినవాళ్ళు ఇక్కడ ఉంటే వాళ్ళు కూడా కంగారుపడకండి. ముందు తేదీ వేసి ఇచ్చిన రాజీనామాని ఆ తేదీ వచ్చేలోపు వెనక్కి తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 1978లో గోపాల్ చంద్ర మిశ్రా కేసులో చెప్పింది. అది ఒక హైకోర్టు జడ్జిగారి రాజీనామా గురించి వచ్చిన కేసు, కానీ ఆ సూత్రాన్ని తర్వాత మామూలు ఉద్యోగుల కేసుల్లోనూ వాడారు. బెదిరించి తీసుకున్న సమ్మతి సమ్మతి కాదని 1872 నాటి కాంట్రాక్ట్ చట్టమే చెబుతోంది. కాకపోతే బెదిరించారని రుజువు చేయాల్సింది మీరు, ఆర్నెల్ల తర్వాత వచ్చి చెబితే కోర్టు నమ్మడం కష్టం. అదే రాత్రి, లేదా మర్నాడు, "ఒత్తిడిలో ఇచ్చాను, వెనక్కి తీసుకుంటున్నాను" అని ఒక్క మెయిల్ పెట్టినవాళ్ళ కేసు బలం వేరే. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర అంజయ్య కార్మిక సంక్షేమ భవన్ ఉంది, కార్మిక శాఖ ఆఫీసు, అక్కడ ఒక ఫిర్యాదు కూడా ఇచ్చి ఉంటే ఇంకా మంచిది.

ఒక మాట. ప్రతి ఒక్కరూ పోరాడి తీరాలని నేను అనను. ఆరు నెలల జీతం ఇస్తామంటున్నారు, మీకు ఆరోగ్యం బాగాలేదు, వేరేచోట అవకాశం ఉంది, అలాంటప్పుడు తీసుకుని వెళ్ళిపోవడం మంచి నిర్ణయమే కావచ్చు. నిద్రపోయి లేచి, ఇంట్లో మాట్లాడి, లెక్క వేసుకుని తీసుకోండి ఆ నిర్ణయం. అడిగితే అంకె పెరుగుతుంది కూడా, నేను చాలాసార్లు చూశాను.

ఇప్పుడు ఇంకో వైపు. ఉద్యోగం పోలేదు, ఎవరూ తీసేయలేదు, కానీ ఆ ఉద్యోగమే మనిషిని తినేస్తోంది. దీనికి చట్టం ఏం చేస్తుంది? నిజం చెప్పాలంటే చాలా తక్కువ. వృత్తి వల్ల వచ్చే జబ్బుల జాబితా మన చట్టాల్లో ఉంది, సీసం విషం, సిలికోసిస్, రేడియేషన్ లాంటివన్నీ ఉన్నాయి. డిప్రెషన్ లేదు, ఆందోళన జబ్బు లేదు. 1920ల నాటి ఫ్యాక్టరీ కళ్ళతోనే చట్టం ఇంకా పనిని చూస్తోంది, చెయ్యి మెషిన్‌లో పడితే కనిపిస్తుంది, మనసుకి ఏమైనా కనపడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో లెక్క తేల్చాయి: వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేయడం వల్ల ఒక్క 2016లోనే ప్రపంచంలో 7 లక్షల 45 వేల మంది పక్షవాతంతో, గుండె జబ్బుతో చనిపోయారు. మన దేశపు ఆర్థిక సర్వేనే, 2024-25ది, వారానికి 60 గంటలు దాటితే ఆరోగ్యానికి చేటని రాసింది. అదే నెలలో, 2025 జనవరిలో, ఒక పెద్ద కంపెనీ పెద్దాయన 90 గంటలు పనిచేయాలన్నాడు. జపాన్‌లో పని వల్ల వచ్చిన చావుకి ఒక పేరుంది, పరిహారం ఉంది, 2014లో దాన్ని ఆపడానికే ఒక చట్టం చేశారు. ఆస్ట్రేలియాలో డ్యూటీ టైమ్ అయ్యాక బాస్ కాల్ ఎత్తకుండా ఉండే హక్కు 2024 ఆగస్టు నుంచి ఉంది. మన పార్లమెంటులో అలాంటి ప్రైవేటు మెంబర్ బిల్లుని 2018లో ఎంపీ సుప్రియా సూలే పెట్టారు, చట్టం కాలేదు.

2024లో పుణెలో 26 ఏళ్ళ చార్టర్డ్ అకౌంటెంట్ అమ్మాయి, ఉద్యోగంలో చేరిన నాలుగు నెలలకి చనిపోయింది. వాళ్ళమ్మ కంపెనీ పెద్దకి ఉత్తరం రాస్తే దేశమంతా చదివింది, జాతీయ మానవ హక్కుల కమిషన్ తనంతట తానే కేసు తీసుకుంది. తర్వాత లేబర్ అధికారులు ఆ ఆఫీసుకి వెళ్ళి చూస్తే అసలు షాప్స్ చట్టం కింద రిజిస్ట్రేషనే లేదని తేలింది. అంటే పని గంటలు తనిఖీ చేయడానికి అక్కడికి ఎవరూ వెళ్ళలేదన్నమాట.

మనిషి పోయాక చట్టం ఏదో చేస్తుందని ఆశ పెట్టుకోకండి. 2006లో లక్నోలో, ఇరవై ఏళ్ళకి పైగా పనిచేసిన ఒక సేల్స్ ఉద్యోగి, స్వచ్ఛంద విరమణ తీసుకోమని కంపెనీవాళ్ళు పెట్టిన మీటింగ్‌లో అవమానం జరిగిందని, అదే రోజు ప్రాణం తీసుకున్నారు. అధికారుల మీద ఆత్మహత్యకి ప్రేరేపించిన కేసు పెట్టారు. 18 ఏళ్ళ తర్వాత, 2024 అక్టోబర్‌లో, సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది, ఉద్దేశపూర్వకంగా ప్రేరేపించారని చూపించే ఆధారం లేదని. ఆ గదినుంచి బయటికి వచ్చిన మనిషిని ఆ రాత్రి ఒంటరిగా వదలకండి, నేను తల్లిదండ్రులకీ భార్యాభర్తలకీ చేతులెత్తి అడుగుతున్నది అదే. "ఇంకో ఉద్యోగం రాదా ఏంటి" అని తేలిక చేయకండి, "మన పరువేం కావాలి" అని అసలే అనకండి. పక్కన కూర్చోండి, అన్నం పెట్టండి, నిద్ర పోనివ్వండి. చనిపోవాలనిపిస్తోంది అన్న మాట నోటివెంట వస్తే 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, ప్రభుత్వానిది, రోజంతా ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

చట్టం అసలు మనసుని చూడనే చూడదని కాదు. చూసే చోట్లు కొన్ని ఉన్నాయి, అవి జనానికి తెలియవు. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం, పోష్ అంటాం, అందులో 15వ సెక్షన్ పరిహారం లెక్కగట్టేటప్పుడు ఆమె పడిన మానసిక క్షోభని చూడమని నేరుగా చెబుతుంది. ఆ చట్టం తేలిగ్గా రాలేదు. రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని ఆపబోయిన ఒక గ్రామ కార్యకర్త మీద 1992లో జరిగిన దారుణం నుంచి 1997 విశాఖ తీర్పు వచ్చింది, దాన్నుంచి ఈ చట్టం రావడానికి ఇంకో 16 ఏళ్ళు పట్టింది. పది మంది, ఆపైన ఉన్న ప్రతి ఆఫీసులో కమిటీ ఉండాలి. లేకపోతే 50 వేల జరిమానా. ఫిర్యాదుకి గడువు మూడు నెలలు, పదే పదే జరుగుతుంటే చివరిసారి జరిగిన రోజు నుంచి లెక్క. బలమైన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు ఇవ్వొచ్చు. విచారణ 90 రోజుల్లో ముగియాలి, ఈలోపు ఆమె బదిలీ అడగొచ్చు, మామూలు సెలవులు కాకుండా మూడు నెలల దాకా సెలవు అడగొచ్చు. ఇంట్లో పనిచేసే అమ్మాయికీ, పది మంది లేని చిన్న షాపులో పనిచేసే అమ్మాయికీ జిల్లా స్థాయి కమిటీ ఉంటుంది. అమ్మాయిలు ఆ మూడు నెలలూ "నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానేమో" అనుకుంటూ గడిపేస్తారు. అందుకే ఫిర్యాదు ఇవ్వాలా వద్దా అన్నది తర్వాత, ముందు తేదీతో సహా రాసి పెట్టుకోమంటాను.

అదే లైంగికం కాని వేధింపు, మేనేజరు అందరి ముందూ తిట్టడం, ఒక్కణ్ణి ఏరి వెలివేసినట్టు చూడటం, వీటికి అలాంటి చట్టం లేదు. ఇది పెద్ద లోటు. నాకు కోపం తెప్పించే లోటు.

డాక్టర్ దగ్గరికి వెళ్ళడానికి భయపడేవాళ్ళకి: 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం మీ చికిత్స వివరాలు గోప్యం, డాక్టర్ మీ కంపెనీకి చెప్పకూడదు. ఆరోగ్య బీమాలో శరీరానికి వచ్చే జబ్బుకి ఎలాగో మానసిక జబ్బుకీ అలాగే కవరేజీ ఇవ్వాలని అదే చట్టంలో 21వ సెక్షన్. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక అనారోగ్యం కూడా ఉంది. ప్రభుత్వ ఉద్యోగి సర్వీసులో ఉండగా అలాంటి వైకల్యం వస్తే తీసేయడానికీ, హోదా తగ్గించడానికీ వీల్లేదు. సీఆర్‌పీఎఫ్ అధికారి ఒకాయన మీద డిపార్ట్‌మెంట్ విచారణ పెడితే, రవీందర్ కుమార్ ధారీవాల్ కేసులో, 2021 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఏమందంటే, ఆయన ప్రవర్తనకి మానసిక అనారోగ్యం ఒక కారణమైనా సరే, దానికి శిక్షించే విచారణ మొదలుపెట్టడమే వివక్ష అంది. బ్యాంకుల్లో, ఆర్టీసీలో, పోలీసు శాఖలో మీవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ తీర్పు వాళ్ళకి చెప్పండి.

ఇంకోటి, ఈ హాల్ బయట మనకి గేటు తీసిన సెక్యూరిటీ అన్న, హౌస్‌కీపింగ్ అక్కలు, వాళ్ళ గురించి. నెలకి 21 వేల లోపు జీతం ఉన్నవాళ్ళకి ఈఎస్ఐ ఉంటుంది. దీర్ఘకాలిక జబ్బుల జాబితా ఒకటి ఉంది ఈఎస్ఐలో, అందులో స్కిజోఫ్రీనియా, ఒక రకం డిప్రెషన్ ఉన్నాయి. అర్హత ఉంటే జీతంలో 80 శాతం చొప్పున రెండేళ్ళ దాకా వస్తుంది. 12 గంటల డ్యూటీలు చేసి చేసి పడిపోయిన మనిషిని ఇంట్లో కూర్చోబెట్టి అప్పులు చేసే కుటుంబాలకి ఇది ఎవరూ చెప్పరు.

సాక్ష్యాల గురించి అడగబోతున్నారని తెలుసు, అందుకే చెప్పేస్తాను. ఆఫర్ లెటర్, అప్రైజల్ లెటర్లు, పేస్లిప్‌లు, ఫారం 16, ఇవి మీవి, ఇవాళే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. కంపెనీ కోడ్, క్లయింట్ డేటా, మీటింగ్ నోట్స్ సొంత మెయిల్‌కి పంపుకోకండి, ఆ ఒక్క తప్పు చూపించి మిమ్మల్ని తీసేయడానికి వాళ్ళకి దారి దొరుకుతుంది. బదులుగా ఒక నోట్‌బుక్ పెట్టుకోండి, చేత్తో రాయండి, తేదీ, టైమ్, ఎవరున్నారు, ఏమన్నారు. మీ అభిప్రాయం కాదు, వాళ్ళ మాటలు. అలా రాసుకున్నవాళ్ళలో ఇంకో మార్పు కూడా గమనించాను, "నాదే తప్పేమో" అనే గోల కాస్త తగ్గుతుంది, జరిగింది కళ్ళెదురుగా ఉంటుంది కాబట్టి. వాట్సాప్ చాట్‌లు, రికార్డింగులు కోర్టులో పెట్టాలంటే 2023 భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, కాబట్టి ఆ ఫోన్ అమ్మేయకండి, ఫార్మాట్ చేయకండి.

ఫీజు గురించి కూడా చెప్పాలి. ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి, వికలాంగులకి, పారిశ్రామిక కార్మికులకి ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ప్రకారం హక్కు. 15100 నంబర్‌కి ఫోన్ చేయండి.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒక యువతి: నన్ను ఇప్పుడు పిప్‌లో పెట్టారు. ఒప్పుకుంటూ సైన్ చేయమంటున్నారు. చేయాలా?)

అందిందని రాసి సంతకం పెట్టమ్మా, ఒప్పుకుంటున్నానని కాదు. "అందినది, ఇందులోని విషయాలతో నేను ఏకీభవించడం లేదు" అని రాసి తేదీ వేయి. పోర్టల్‌లో "ఐ అగ్రీ" ఒక్కటే ఉంటే, అది నొక్కిన వెంటనే ఇదే మాట మెయిల్‌లో పెట్టు. టార్గెట్ ఏంటో అంకెల్లో రాసివ్వమని అడుగు. పోయిన రెండేళ్ళ నీ రేటింగులు బాగుంటే వాటి కాపీలు దాచుకో, ఉన్నట్టుండి మూడు నెలల్లో నువ్వు ఎలా పనికిరాకుండా పోయావో చెప్పాల్సింది వాళ్ళు. రాత్రి నిద్ర పడుతోందా నీకు? లేదా. అయితే ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళు, ఆ తర్వాత నా దగ్గరికి రా.

(ఒక పెద్దాయన: మా అబ్బాయి డల్లాస్‌లో ఉన్నాడండీ, హెచ్1బీ. కన్సల్టెన్సీవాళ్ళు బెంచ్ మీద పెట్టి జీతం ఇవ్వట్లేదు. గట్టిగా అడిగితే వీసా పోతుందేమోనని భయపడుతున్నాడు. ఫోన్‌లో సరిగా మాట్లాడట్లేదు కూడా.)

కూర్చోండి బాబాయ్. నేను అమెరికాలో లాయర్‌ని కాదు, అక్కడి లాయర్‌ని అడగాల్సిందే, కానీ నాకు గట్టిగా తెలిసింది చెబుతాను. ప్రాజెక్ట్ లేదని హెచ్1బీ ఉద్యోగికి జీతం ఆపడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు, ప్రాజెక్ట్ వెతకడం కంపెనీ పని, బెంచ్ మీద ఉన్నా జీతం ఇవ్వాల్సిందే. ఇవ్వకపోతే వాళ్ళ కార్మిక శాఖలో వేజ్ అండ్ అవర్ డివిజన్ అని ఉంటుంది, దానికి డబ్ల్యూహెచ్-4 అనే ఫారంలో ఫిర్యాదు చేయొచ్చు, గడువు 12 నెలలు. ఫిర్యాదు చేశాడని కక్ష సాధించడం కూడా అక్కడ నేరుగా నిషేధం. ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజుల దాకా ఉండి వేరే కంపెనీకి మారే వీలుంటుంది. మీరు ఇవాళ రాత్రి ఫోన్ చేసినప్పుడు, అక్కడ పొద్దున ఉంటుంది, జీతం సంగతి ముందు ఎత్తకండి, నిద్రపోతున్నాడా, తింటున్నాడా, ఒంటరిగా ఉంటున్నాడా, రూమ్మేట్లు ఉన్నారా కనుక్కోండి. తర్వాత ఎల్‌సీఏ కాపీ, అంటే వీసా కోసం కంపెనీ అక్కడి కార్మిక శాఖకి ఇచ్చిన లేబర్ కండిషన్ అప్లికేషన్, పే స్టబ్‌లు, బ్యాంక్ స్టేట్‌మెంట్‌లు, "ప్రాజెక్ట్ వచ్చేదాకా ఆగు" అని వాళ్ళు పెట్టిన మెసేజ్‌లు ఒకచోట పెట్టుకోమనండి. ఎల్‌సీఏ కాపీ తన దగ్గర లేకపోతే కంపెనీని అడగమనండి, అది అతనికి ఇచ్చి తీరాల్సిన కాగితం.